పొగాకు బ్యారన్‌లో బ్యాండు సినిమా: కాగితపు తల, లైవ్ శబ్దం, ఖర్చుల లెక్క

ఇది ఒక చిన్న సినిమా పని డైరీ. నిడివి 18 నిమిషాలు, బడ్జెట్ 40,000 రూపాయలు. ఇలాంటిదే తీయాలనుకునేవాళ్లకి ఇందులో కొలతలు పనికొస్తాయి. మేం చేసి వదిలేసినవి మళ్లీ చేసి చూడక్కర్లేదు.

కథ రెండు ముక్కల్లో: పెళ్లి బ్యాండు ఓనరు చనిపోతాడు. కొడుకు పాత శుభలేఖలతో పెద్ద తలకాయ చేసుకుని తగిలించుకుంటాడు, ఇక తియ్యడు. పెళ్లిళ్లకి వెళ్లడం మానేసి, మిగిలిన నలుగురిని వెంటేసుకుని ఖాళీ పొగాకు బ్యారన్‌లో (పచ్చాకుని వేడితో ఎండబెట్టే ఎత్తైన గది) ఎవరూ అడగని పాట ఒకటి కడుతూ ఉంటాడు.

ఈ తరహా కథకి మాకు పెద్ద దిక్కు 2014లో వచ్చిన 'ఫ్రాంక్'. ఐర్లండ్ దర్శకుడు లెన్నీ అబ్రహమ్‌సన్ తీశాడు. అందులో మైఖేల్ ఫాస్‌బెండర్ దాదాపు సినిమా అంతా గుండ్రటి పెద్ద తల లోపలే ఉంటాడు. ఆ తలకి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. క్రిస్ సీవీ అనే కళాకారుడు 'ఫ్రాంక్ సైడ్‌బాటమ్' పేరుతో అలాంటి తల పెట్టుకుని ఏళ్ల తరబడి కచేరీలు చేశాడు. 2010లో చనిపోయాడు. ఆయన బ్యాండులో కొంతకాలం కీబోర్డు వాయించిన జాన్ రాన్సన్, పీటర్ స్ట్రాన్‌తో కలిసి ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే రాశాడు. కథ మాత్రం కల్పితం, సీవీ జీవిత చరిత్ర కాదు.

మేం ఆ సినిమా దగ్గర నేర్చుకున్నది తల గురించి కాదు, శబ్దం గురించి. పాటలు సెట్‌లోనే, నటులు వాయిస్తుండగానే రికార్డు చేశారు. డ్రమ్స్ దగ్గర కూర్చున్న కార్లా అజార్ నిజంగానే డ్రమ్మర్. మన దగ్గర పాటంటే ముందు స్టూడియోలో తయారవుతుంది, తర్వాత సెట్‌లో స్పీకర్ పెట్టి పెదాలు కలుపుతారు. మాటలకి కూడా ఎక్కువగా డబ్బింగే. బ్యాండు కథకి అది సరిపోదు. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఎలా సర్దుకున్నాడో వినపడకపోతే వాళ్లు బ్యాండు అని ఎవరు నమ్ముతారు? అందుకని ఒకటే నియమం పెట్టుకున్నాం: ఏ నిర్ణయమైనా ముందు మైకుకి ఏం వినపడుతుందో చూసి తీసుకోవాలి.

దశ 1: తల గుల్ల

బయటి వ్యాసం 16 అంగుళాలు అనుకున్నాం. అంతకన్నా చిన్నదైతే కెమెరాలో మామూలు మాస్కులా ఉంది. పెద్దదైతే క్లారినెట్ వాయించే ఆయన పక్కన నిలబడే చోటు లేదు.

మొదటి గుల్ల బెలూన్ మీద వేశాం. సాయంత్రం చుట్టుకొలత 50 అంగుళాలు ఉన్న బెలూన్, తెల్లవారేసరికి 48కి దిగింది. రాత్రి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, రబ్బరు లోంచి కొంత పోతుంది కూడా. తడి కాగితం దాంతోపాటే లోపలికి లాక్కుని ముడతలు పడింది. రెండో బెలూన్‌కి కూడా అంతే. పార్టీ బెలూన్ మీద ఈ సైజు తల చెయ్యొద్దు.

తర్వాత వ్యాయామానికి వాడే జిమ్ బంతి తెచ్చాం. మందపాటి ప్లాస్టిక్, గాలి దిగదు. 16 అంగుళాలు వచ్చేవరకు గాలి కొట్టి, పైన వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, దానిమీద కొంచెం వేజిలిన్ పూశాం. ఆరాక గాలి తీసేస్తే బంతి మెడ కంతలోంచి వచ్చేస్తుంది.

జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సినిమా పోస్టర్లు అంటించేవాళ్లూ, పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లూ మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పురుగు పట్టదు, బూజు రాదు. కానీ అది విషం. ముక్కూ నోరూ గంటల తరబడి దాని లోపలే ఉంటాయి కాబట్టి మేం ముట్టుకోలేదు. ఉప్పు, లవంగ నూనె వేశాం. ఎండల్లో చేస్తే ఇది చాలు. మాకు జూన్‌లో ముసురు పట్టింది. ఒకేసారి నాలుగు పొరలు వేసిన గుల్ల పైన గట్టిపడి, లోపల తడి అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర నల్ల బూజు వచ్చింది. ఆ గుల్లని పారేశాం. బూజు గీకి రంగేసి వాడదామని ఒక ఆలోచన వచ్చింది గానీ, పాడేవాడి ఊపిరి కన్నా ముఖ్యమైనది ఏదీ లేదు.

పనిచేసిన పద్ధతి:

1. ఒక కప్పు మైదాని ముందు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఐదు కప్పుల నీళ్లయ్యేలా పోసి ఉడికించాలి. గరిట మీంచి జారాలి, ముద్దలా పడకూడదు.
2. రెండు చెంచాల ఉప్పు, దించాక పది చుక్కల లవంగ నూనె. మర్నాటికి మిగిల్చుకోవద్దు.
3. కాగితాన్ని కత్తిరించకూడదు, చింపాలి. చిరిగిన అంచు పల్చగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది. పట్టీ వెడల్పు అంగుళంన్నర.
4. ఒక పొర దినపత్రిక, ఒక పొర బ్రౌన్ పేపర్. రంగు తేడా ఉంటే ఎక్కడ వదిలేశామో కనపడుతుంది.
5. రెండు పొరలకోసారి ఆపి ఆరనివ్వాలి. వేలితో కొడితే టకటకమని మోగాలి, మెత్తగా పలికితే ఇంకా తడి ఉన్నట్టే. వంటింటి త్రాసు మీద పెట్టి, పొద్దుటి బరువూ సాయంత్రం బరువూ ఒకటయ్యాకే తర్వాతి పొర.
6. మొత్తం ఎనిమిది పొరలు.

ముక్కూ బుగ్గలూ ముందు కాగితపు గుజ్జుతో చేశాం. అందంగా వచ్చాయి గానీ తల బరువు 2.3 కిలోలకి చేరింది. పాడే కుర్రాడు అరగంటకే మెడ పట్టేసిందన్నాడు. గుజ్జు ఒలిచేసి, అట్టముక్కలు వంచి పైన రెండే పొరలు వేశాం. ఒట్టి గుల్ల 480 గ్రాములు, ముక్కూ బుగ్గలతో 690.

పై పొర శుభలేఖలతో ఉండాలి, కథ అదే కదా. ఇక్కడే చాలా సమయం పోయింది. ఈ మధ్య కార్డులన్నీ మెరుపు పూత ఉన్నవే, వాటికి జిగురు పట్టదు. ఆరాక అంచులు లేచి గవ్వల్లా విచ్చుకున్నాయి. వెనకటి రోజుల్లో పసుపు కాగితం మీద ఒకే రంగులో అచ్చేసిన కార్డులైతే బాగా అంటుకుంటాయి. బ్యాండువాళ్ల ఇళ్లలో అలాంటివి కట్టలు కట్టలు దొరికాయి. నాలుగు మూలలా పసుపు రాసిన మరకలు అలాగే ఉన్నాయి. పేర్లూ ఊళ్లూ చదవడానికి వీల్లేకుండా ముక్కలు చింపి, 'శ్రీరస్తు', 'శుభమస్తు', 'విందు' లాంటి మాటలే బయటికి కనపడేలా అంటించాం. క్లోజప్‌లో కుడి బుగ్గ మీద 'సుముహూర్తం' అన్న మాట సగం కనపడుతుంది. సెట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

ఖర్చు: బెలూన్లు 150, జిమ్ బంతి 650, మైదా, ఉప్పు, లవంగ నూనె 260, బ్రౌన్ పేపర్ 80.
దశ మొత్తం ₹1,140. ఇప్పటివరకు ₹1,140.

దశ 2: లోపల మనిషి ఉండాలి

తల నేరుగా భుజాల మీద కూర్చుంటే మెడ తిప్పినా తల తిరగదు. భవన నిర్మాణం దగ్గర పెట్టుకునే పసుపు హెల్మెట్ కొని, లోపలి పట్టీ ఊడదీసి, గుల్ల పైభాగానికి నాలుగు చోట్ల నట్లూ వాషర్లూ పెట్టి బిగించాం. వెనక మర ఉంటుంది కాబట్టి ఎవరి తలకైనా సరిపోతుంది. ఇప్పుడు తల తిప్పితే గుల్ల తిరుగుతుంది, వంచితే వంగుతుంది. ముఖం మారని పాత్రకి మెడే నటన. 'ఫ్రాంక్'లో ఆ పాత్ర లోపల తన ముఖం ఎలా ఉందో నోటితో చెబుతుంటుంది. మేం దాని జోలికి వెళ్లలేదు. మావాడు కోపం వస్తే తల పక్కకి వాల్చి ఆగిపోతాడు, అంతే.

చూపుకి కళ్ల నల్లగుడ్ల చోట 3.5 సెంటీమీటర్ల కంతలు పెట్టి, లోపలినుంచి నల్ల నెట్ గుడ్డ అంటించాం. కన్నుకీ కంతకీ మధ్య దూరం పది సెంటీమీటర్లు. ఆ లెక్కన ఒక్కో కంటికి దొరికే చూపు దాదాపు 20 డిగ్రీలు. నేల అసలు కనపడదు. టేపు గుర్తులు పెట్టినా ఉపయోగం లేదు. అందుకని కుర్రాణ్ణి చెప్పుల్లేకుండా నడిపించి, ఆగాల్సిన చోట నేలమీద కొబ్బరి తాడు పరిచి మట్టి కప్పాం. పాదానికి తాడు తగలగానే ఆగుతాడు. ఫ్రేములో కనపడదు, చప్పుడు చెయ్యదు.

గాలి విషయంలో జాగ్రత్త. మూసిన గుల్లలో పాడితే వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తారు. వేడి వేరే. ముందు చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాం. గాలి బాగానే వచ్చింది గానీ మైకులో గుయ్‌మని ఒకటే మోత. ఫ్యాన్ తీసేసి, నడినెత్తిన జుట్టు రంగు వేసిన చోట పెన్సిల్ దూరేంత కంతలు రెండు డజన్లు పొడిచాం. మెడ దగ్గర వదులు పెంచాం. వేడిగాలి పైనుంచి పోయి, చల్లగాలి కిందనుంచి వస్తుంది. ఫ్యాన్‌ని టేకుల మధ్యలో మెడ కింద పట్టుకోవడానికి ఉంచుకున్నాం.

ఇవి మార్చకూడని నియమాలు:

1. ఒక పాట, ఒక టేక్. కట్ అనగానే తల తీసెయ్యాలి.
2. పక్కన ఒక మనిషి ఆ పనికే ఉండాలి, ఫోన్ చూసుకోకూడదు.
3. లోపలివాడు కుడిచెయ్యి పైకెత్తితే టేక్ ఎంత బాగా వస్తున్నా ఆపాలి.

ఖర్చు: హెల్మెట్ 220, నెట్ గుడ్డ 60, రంగులు, వార్నిష్ 540, ఫ్యాన్ 300. వార్నిష్ బయటే వెయ్యాలి. లోపల వేస్తే వాసన వారాలపాటు పోదు.
దశ మొత్తం ₹1,120. ఇప్పటివరకు ₹2,260.

దశ 3: తల కూడా ఒక వాయిద్యమే

పెదాలు కనపడవు కదా, గొంతు తర్వాత డబ్బింగ్ చేసుకుంటే పోలా అని చాలామంది అడిగారు. చేసి చూశాం. ఒకే కుర్రాడు, ఒకే పాట. తల లేకుండా గదిలో పాడింది ఒకటి, తల పెట్టుకుని బ్యాండుతో పాడింది ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే అసలు రెండు వేరే పాటల్లా ఉన్నాయి. తల లోపల తన గొంతు తనకే పెద్దగా వినపడుతుంది, అందుకని మెల్లగా పాడతాడు. బయటి వాయిద్యాలు దూరంగా వినపడతాయి కాబట్టి దరువు కోసం ఒక్క క్షణం ఆగి అందుకుంటాడు. ఆ ఆగడమే పాత్ర. డబ్బింగ్‌లో అది రాదు.

అయితే మొదటి రికార్డింగ్ విని క్లారినెట్ బాబాయ్ అన్నమాట ఇది: "ఒరే అబ్బాయ్, మీవాడు తలకాయలో పాడతన్నాడా, బావిలో పాడతన్నాడా?"

ఆయన విన్నది నిజమే. 16 అంగుళాల బోలు గుండ్రంలో గాలి 570 హెర్ట్జ్ (సెకనుకి 570 ఊపులు) దగ్గర మోగుతుందని లెక్క. ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టి, కింది స్వరం నుంచి పైకి మెల్లగా పాడించాం. 500కీ 600కీ మధ్య గ్రాఫ్ ఒక్కసారిగా లేచింది. లోపల మనిషి తల ఉంటుంది కాబట్టి కచ్చితంగా లెక్క ప్రకారం ఉండదు, కానీ అటూ ఇటూ అక్కడే. మాటలో 'ఓ', 'ఆ' ఉబ్బిపోయి, 'స', 'చ' నలిగిపోవడానికి కారణం అది.

గుడ్ల అట్టలు అంటించమని సలహా వచ్చింది. అంటించాం, ఏమీ మారలేదు. అట్ట పల్చటిది, శబ్దాన్ని పీల్చుకోదు. పరుపుల షాపులో దొరికే స్పాంజ్, అంగుళం మందం, వెనక సగం గుల్లకి అంటించాక ఉబ్బు బాగా తగ్గింది. మొత్తం గుల్లకి వేస్తే గొంతు చచ్చిపోయి దిండులో పాడినట్టు అయ్యింది, పైగా ఉక్కపోత. వెనక సగమే సరైన కొలత. తల లోపలినుంచి వస్తున్న గొంతు అని ప్రేక్షకుడికి తెలియాలి కూడా.

కాలర్ మైకు చోటు వెతకడం ఇంకో పని. గడ్డం దగ్గర పెడితే 'ప', 'భ' అన్నప్పుడల్లా ఊపిరి తగిలి ఢబ్బుమంది. పైపెదవి మీదైతే చెమట. చివరికి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట హెల్మెట్ పట్టీకి కుట్టాం. నోటికి అక్కణ్ణుంచి 12 సెంటీమీటర్లు. ఊపిరి తగలదు, తల ఎటు తిప్పినా దూరం మారదు.

రెండో మైకు బ్యాండు కోటు ఇత్తడి గుండీ వెనక. నోటినుంచి 42 సెంటీమీటర్లు. రెండూ కలిపి వింటే గొంతు బోలుగా, పల్చగా అయ్యింది. కారణం దూరంలో తేడా. 30 సెంటీమీటర్లు వెళ్లడానికి శబ్దానికి 0.87 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే గొంతు ఆ తేడాతో రెండుసార్లు కలిస్తే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్ అంటే శబ్దాన్ని సెకనుకి 48,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలత ఒక శాంపిల్. ఆ లెక్కన తేడా 42 శాంపిల్స్. ఎడిటింగ్‌లో గుండీ మైకు ట్రాకుని 42 శాంపిల్స్ ముందే మొదలయ్యేలా జరిపితే గొంతు నిండుగా నిలబడింది. తల బాగా పక్కకి తిప్పిన చోట్ల ఈ లెక్క తప్పుతుంది. అక్కడ గుండీ మైకుని తగ్గించడమే.

చెవుల దగ్గర రెండు అంగుళాల కంతలు కోసి గుడ్డ వేశాం, లేకపోతే హార్మోనియం అసలు వినపడటం లేదన్నాడు. ఆ గుడ్డకి పెయింటు వెయ్యకూడదు, రంధ్రాలు మూసుకుపోతాయి. బట్టలకి అద్దే రంగు వాడాలి.

అన్నీ బిగించాక తల బరువు 1.1 కిలోలు. బైక్ హెల్మెట్ కన్నా కాస్త తక్కువ.

ఖర్చు: స్పాంజ్ 180, కాలర్ మైకులు రెండు 2,400.
దశ మొత్తం ₹2,580. ఇప్పటివరకు ₹4,840.

దశ 4: బ్యారన్

టంగుటూరు దగ్గర ఒక రైతు బ్యారన్ ఇచ్చారు. క్యూరింగ్, అంటే ఆకు ఎండబెట్టే పని, వేసవి మధ్యకల్లా ఐపోతుంది, తర్వాత నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. ఇటుక గోడలు, పైన రేకు. 16 అడుగులకి 16 అడుగులు, ఎత్తు 18. లోపల ఆకు కర్రలు వేలాడదీసే అడ్డ దూలాలు వరుసలుగా పైదాకా ఉన్నాయి. కంటికి అంత గొప్ప సెట్ మళ్లీ దొరకదు.

చెవికి మాత్రం నరకం. చప్పట్లు కొట్టి రికార్డు చేసి, ఆ శబ్దం గీత పడిపోవడానికి ఎంతసేపు పట్టిందో కంప్యూటర్‌లో చూశాం. రెండున్నర సెకన్ల పైనే మోత. తాషా మీద రెండో దెబ్బ పడేసరికి మొదటిది ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంకో గొడవ, గది చదరం. పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో రెండు వైపులా ఒకే స్వరాలు పేరుకుంటాయి. 16 అడుగులకి ఆ స్వరాలు 35, 70 హెర్ట్జ్. పెద్ద డ్రమ్ము కొట్టిన ప్రతిసారీ 70 దగ్గర గది అంతా గుమ్మని ఊగింది.

చేసినవి, ఏది ఎంత పనిచేసిందో:

1. పొగాకు ధూళి కడగడం. ఇది శబ్దం కోసం కాదు, దగ్గు కోసం. తల లోపల దగ్గితే టేక్ పోయినట్టే. పొడిగా ఊడిస్తే ఇంకా లేస్తుంది, నీళ్లు కొట్టి కడగాలి.
2. గోనె పట్టాలు గోడలకి కొట్టాం. పెద్ద ఫలితం లేదు, పల్చగా ఉండి గోడకి అంటుకుని ఉంటే శబ్దం దాటిపోతుంది.
3. టెంట్ హౌస్ నుంచి మందపాటి పరదాలు, ఊళ్లో అడిగి తెచ్చిన పాత బొంతలు. వీటిని గోడకి అడుగు దూరంలో, దూలాల మీంచి వేలాడదీశాం. మోత 1.2 సెకన్లకి దిగింది. దూలాలు ఉండబట్టే ఈ పని తేలికయ్యింది.
4. మూలల్లో వరిగడ్డి మోపులు, మనిషెత్తు దాకా. 70 హెర్ట్జ్ ఊపు సగానికి పైగా తగ్గింది. మందం ఉంటేనే కింది స్వరాలు ఆగుతాయి, బొంతలతో కాదు.

గడ్డితో కీచురాళ్లు వచ్చాయి. మొదటి సాయంత్రం రికార్డింగంతా వాటిదే. 4,000 హెర్ట్జ్ పైన వాటి కీచు సరిగ్గా క్లారినెట్ గొంతులో పదును ఉండే చోట కూర్చుంటుంది, కోసేస్తే క్లారినెట్ కూడా పోతుంది. మోపులు విప్పి రోజంతా ఎండలో పరిచి, దులిపి, మళ్లీ కట్టాం. తర్వాత పగలే షూట్ చేశాం. గడ్డి ఉన్నంతసేపూ బ్యారన్‌లో బీడీ, దీపం, హాలోజన్ లైటు ఏదీ లేదు. గుమ్మం దగ్గర రెండు డ్రమ్ముల నీళ్లు.

ఖర్చు: కడగడానికి కూలీ 1,500, పరదాల అద్దె 1,800, గడ్డి తోలడానికి ట్రాక్టర్ 900. రైతు బ్యారన్‌కి డబ్బు తీసుకోలేదు.
దశ మొత్తం ₹4,200. ఇప్పటివరకు ₹9,040.

దశ 5: చేత్తో తాకని వాయిద్యం

'ఫ్రాంక్'లో మ్యాగీ జిలెన్‌హాల్ పాత్ర థెరెమిన్ వాయిస్తుంది. చేతిని గాల్లో కదిపితే పలికే వాయిద్యం. అది మా బడ్జెట్‌లో లేదు. స్వరం పుట్టించే 555 టైమర్ చిప్, వెలుతురుని బట్టి రెసిస్టెన్స్ మారే ఎల్‌డీఆర్, ఒక చిన్న స్పీకర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టి స్వీట్ బాక్సులో ఒకటి కట్టాం. చేతి నీడ పడితే స్వరం దిగుతుంది, తీస్తే లేస్తుంది.

ట్యూబ్‌లైట్ కింద సన్నగా గరగర. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది, ఎల్‌డీఆర్ దాన్ని కూడా పట్టుకుంటోంది. లైట్లన్నీ తీసేసి, బ్యారన్ గవాక్షాల్లోంచి పడే ఎండలోనే తీయాలని నిర్ణయించాం. కెమెరామన్‌కి ఇది కష్టమే, కానీ నియమం నియమమే. మబ్బు పట్టినప్పుడు డబ్బా దానంతట అదే స్వరం దించేసేది. మొదట చిరాకుపడ్డాం, తర్వాత దాన్ని కథలోకి తీసుకున్నాం: బ్యాండువాళ్లు మబ్బు కోసం ఎదురుచూసి పాట ముగిస్తారు.

దశ మొత్తం ₹340. ఇప్పటివరకు ₹9,380.

దశ 6: షూటింగ్

ఆషాఢంలో పెట్టుకున్నాం. ముహూర్తాలు ఉండవు కాబట్టి బ్యాండువాళ్లు ఖాళీ. శ్రావణం వస్తే వాళ్లు దొరకరు, దొరకాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. పెళ్లికి ఎంత తీసుకుంటారో అంతే ఇచ్చాం. చిన్న సినిమా అని కళాకారుల దగ్గర తగ్గించమని అడగొద్దు. మిగతా ఎక్కడైనా తగ్గించుకోవచ్చు.

శ్రుతి కలవడమే పెద్ద టెన్షన్ అయ్యింది. హార్మోనియం శ్రుతి మార్చలేం. క్లారినెట్ వేడెక్కేకొద్దీ పైకి పోతుంది. పొద్దున కలిపిన శ్రుతి పదకొండింటికల్లా తేడా కొట్టేది. బాబాయ్ చెప్పిన మార్గం: లోపలికి వచ్చి పావుగంట ఊరికే వాయించి, వాయిద్యం వేడెక్కాక, నోట్లో పెట్టుకునే భాగం కింది ముక్క కాస్త బయటికి లాగి అప్పుడు కలపాలి. ప్రతి టేకు ముందూ హార్మోనియం మీద ఒకే స్వరం నొక్కిపట్టి చూసుకునేవాళ్లం.

రికార్డర్ నాలుగు ట్రాకులది: నుదుటి మైకు, గుండీ మైకు, క్లారినెట్టూ హార్మోనియం మధ్య ఒకటి, డ్రమ్ములకి దూరంగా దూలానికి కట్టింది ఒకటి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గంటకి దాదాపు 2 జీబీ. కార్డులు ముందే లెక్కేసి పెట్టుకోండి.

కెమెరా దగ్గర తెలిసింది ఒకటుంది. రెండో యాంగిల్‌కి ఫోన్ వాడాం. ఆరు నిమిషాల టేకులో మొదట్లో క్లాప్ సరిగ్గా కలిసినా, చివరికి వచ్చేసరికి శబ్దం ఐదు ఫ్రేములు తప్పింది. ఫోన్ మామూలు కెమెరా యాప్ వెలుతురుని బట్టి సెకనుకి ఫ్రేముల సంఖ్య మార్చేస్తుంది. స్థిరంగా 25 ఫ్రేములు పట్టి ఉంచే యాప్ వేసి, షటర్ 1/50 దగ్గర లాక్ చేశాక సమస్య పోయింది. టేకు మొదట్లోనే కాకుండా చివర కూడా ఒక క్లాప్ కొట్టండి, తప్పిందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఖర్చు: రికార్డర్, మైకుల అద్దె 4,500, కళాకారులకి 12,000, భోజనాలు, డీజిల్ 5,200.
దశ మొత్తం ₹21,700. ఇప్పటివరకు ₹31,080.

దశ 7: ఎడిటింగ్, ఇప్పుడున్న చోటు

పాటలు మూడూ వరుసలో పెట్టాం. గొంతులో 570 దగ్గర నాలుగు డెసిబెల్స్ తగ్గించాం, అంతకుమించి తగ్గిస్తే తల మాయమైపోతోంది. బయటివాళ్లు మాట్లాడే సీన్లకి అసలు ఏమీ చెయ్యలేదు.

చివరి పాటలో అందరికీ నచ్చిన టేకు మధ్యలో వాన పడింది. రేకు మీద చినుకులు ముందు విడివిడిగా, తర్వాత దడదడా. వాన శబ్దం నాలుగు ట్రాకుల్లోనూ ఉంది, ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసినా క్లారినెట్ ఊపిరి దాంతోపాటే పోతోంది. వాన లేని టేకు ఒకటుంది. శ్రుతి ఇంకా బాగా కుదిరింది అందులో. కానీ వాన టేకులో తాషా కొట్టే అతను వానని విని దరువు నెమ్మదించాడు, తల లోపలివాడికి వాన వినపడక ముందుకి పోయాడు, రెండు వరుసల తర్వాత ఒకళ్ల కోసం ఒకళ్లు ఆగి కలిశారు. ఏ రిహార్సల్‌లోనూ రానిది అది. వాన టేకే ఉంచుతున్నాం. దానికి బయటినుంచి, రేకు మీద వాన పడుతున్న షాట్ ఒకటి కావాలి. ఈ సీజన్ వానల్లోనే తీసెయ్యాలి, ఎందుకంటే క్యూరింగ్‌కి ముందు రైతు బ్యారన్ మరమ్మతు మొదలుపెడతారు.

మిగిలింది ₹8,920. అందులో ₹6,000 ఒక పూట మంచి స్పీకర్లున్న స్టూడియోలో చివరి మిక్సింగ్‌కి పక్కన పెట్టాం. మిగతాది హార్డ్‌డిస్క్‌కి.